సోషల్ మీడియా పోస్టులను మన డేటాబేస్‌లో దాచడం: అసలు వాళ్లది, నకలు మనది

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను తమ్ముడూ. నల్లగొండలో లోకల్ వార్తల సైట్ నడుపుతున్నావు. ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ ఛానెల్ మూడూ మీవే. వాటిలో పెట్టేవన్నీ సైట్ మొదటి పేజీలో కనిపించాలి. హోస్టింగ్ షేర్డ్ (ఒకే సర్వర్‌ను చాలామంది పంచుకునేది), కోడ్ పీహెచ్‌పీ, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. ఎవరైనా పేజీ తెరిచిన ప్రతిసారీ ఏపీఐని (ఆ కంపెనీల నుంచి మన ప్రోగ్రామ్ డేటా అడిగే దారి) అడగాలా, డేటాబేస్‌లో దాచుకోవాలా, దాచుకుంటే ఒకే టేబులా మూడు టేబుళ్లా అని అడిగావు. ఎమోజీలు ప్రశ్న గుర్తులు అవుతున్నాయని, ఫొటోలు నాలుగు రోజులకు మాయమవుతున్నాయని, మొంగోడీబీ అనే వేరే రకం డేటాబేస్‌కు మారిపొమ్మని ఎవరో చెప్పారని కూడా రాశావు.

దాచుకో. ఇందులో రెండో మాట లేదు. మన ఊళ్లో నల్లా తిప్పిన ప్రతివాడి కోసం సాగర్‌కు మనిషిని పంపరు కదా. నీళ్లు కాలువలో వచ్చి పానగల్ ఉదయసముద్రం రిజర్వాయర్‌లో పడతాయి, ఊరు అక్కడి నుంచి తాగుతుంది. కాలువ రెండు రోజులు ఆగినా నల్లాకు వెంటనే తెలియదు. నీ సైట్ కూడా అట్లనే ఉండాలి. చూసేవాడికి నీ డేటాబేస్ మాత్రమే తెలియాలి, ఫేస్‌బుక్ అనేది ఒకటుందని ఆ పేజీకి తెలియకూడదు.

లెక్క చూస్తే నీకే అర్థమవుతుంది. యూట్యూబ్ డేటా ఏపీఐకి మామూలుగా ఇచ్చే కోటా రోజుకు 10,000 యూనిట్లు. సెర్చ్ అనే పిలుపు ఒక్కదానికి 100 యూనిట్లు పోతాయి. పేజీ తెరిచినప్పుడల్లా సెర్చ్ పిలిస్తే వంద మంది చూసేసరికి ఆ రోజు కోటా ఖతం. సాగర్ 590 అడుగులకు చేరి గేట్లు ఎత్తిన రోజు నీ సైట్‌కు వంద మంది రావడానికి ఐదు నిమిషాలు చాలు. సరిగ్గా అందరూ చూసే రోజే పేజీ ఖాళీగా ఉంటుంది.

కాబట్టి చూసేవాళ్లతో సంబంధం లేకుండా, పది నిమిషాలకోసారి క్రాన్ జాబ్ (సర్వర్ వేళకు తనంతట తానే నడిపే పని) నడిచి కొత్త పోస్టులు తేవాలి. అప్పుడు రోజుకు 144 సార్లు అడుగుతావు. ఇక్కడ కూడా ఒక గుంత ఉంది: 144 సార్లూ సెర్చే వాడితే 14,400 యూనిట్లు, మళ్లీ కోటా దాటింది. ప్రతి ఛానెల్‌కూ అప్‌లోడ్స్ అని ఒక ప్లేలిస్ట్ దానంతట అదే ఉంటుంది. ఆ ప్లేలిస్ట్ ఐటమ్స్ అడిగితే పిలుపుకు ఒక్క యూనిట్, ఒకేసారి 50 వీడియోల దాకా ఇస్తుంది. అదే పని 144 యూనిట్లలో అయిపోతుంది. చాలామంది ఇది చూడకుండా కోటా పెంచమని ఫారం నింపుతూ కూర్చుంటారు. ఇంకొకటి, ఒక క్రాన్ పూర్తికాకముందే రెండోది మొదలవకుండా తాళం పెట్టు. మైఎస్‌క్యూఎల్‌లో గెట్ లాక్ అనే ఫంక్షన్ ఉంది, షేర్డ్ హోస్టింగ్‌లో కూడా పనిచేస్తుంది.

ఇక టేబుల్. మూడు టేబుళ్లు వద్దు, ఒకటే చాలు. మూడు పెడితే మొదటి పేజీలో అన్నీ కలిపి తేదీ వరుసలో చూపించడానికి ప్రతిసారీ యూనియన్ (టేబుళ్ల ఫలితాలను కలిపే క్వెరీ) రాసుకుంటూ ఉండాలి. రేపు నాలుగోది వస్తే నాలుగో టేబుల్. ఒకే టేబుల్‌లో మూలం అని ఒక కాలమ్ పెట్టి ఫేస్‌బుకా, ఇన్‌స్టానా, యూట్యూబా రాసుకో.

ఆ కాలమ్‌లను రాసేటప్పుడే మనసులో రెండు కుప్పలు చేసుకో. ఒక కుప్ప వాళ్లది: మూలం, వాళ్లిచ్చిన పోస్ట్ ఐడీ, రాతలు, లింక్, ఫొటో చిరునామా, పోస్ట్ చేసిన సమయం. ఇవన్నీ నకలే. అసలు వాళ్ల దగ్గర ఉంది, నకలు చినిగినా మళ్లీ తీసుకోవచ్చు. రెండో కుప్ప నీది: ఈ పోస్ట్‌ను సైట్‌లో దాచాలా, పైన పిన్ చేయాలా, ఇది మిర్యాలగూడ వార్తా దేవరకొండ వార్తా, మీ డెస్క్‌లో పెట్టిన హెడ్డింగ్ ఏమిటి. ఇవి ఇంకెక్కడా ఉండవు, పోతే పోయినట్టే. ఫీడ్ తెచ్చే స్క్రిప్ట్ మొదటి కుప్పను ఎన్నిసార్లైనా తిరగరాయొచ్చు, రెండో కుప్పను ముట్టుకోకూడదు. నాకైతే నీవి అనే కాలమ్‌లను వేరే టేబుల్‌లో పెట్టి పోస్ట్‌తో కలపడమే ఇష్టం. అప్పుడు ఎవరైనా కొత్త కుర్రాడు వచ్చి స్క్రిప్ట్ మార్చినా పొరపాటుకు తావు ఉండదు. ఎడిటర్ పొద్దున దాచిన పోస్ట్ పది నిమిషాలకు మళ్లీ పేజీ మీదికి వస్తే, ఆ ఎడిటర్ నీతో మాట్లాడే తీరే మారిపోతుంది.

వాళ్లిచ్చే ఐడీ గురించి కొంచెం ఆగి చెప్పాలి. దాన్ని నంబర్‌గా దాచకు, అక్షరాలుగానే దాచు. ఫేస్‌బుక్ పేజీ పోస్ట్ ఐడీలో పేజీ నంబర్, మధ్యలో అండర్‌స్కోర్, తర్వాత పోస్ట్ నంబర్ ఉంటాయి, అది అంకె కానే కాదు. ఎక్స్‌లో (పాత ట్విట్టర్) అయితే ఐడీ అంకెలే గానీ ఇప్పుడు 19 అంకెల పొడుగు. జావాస్క్రిప్ట్ తప్పు లేకుండా పట్టుకోగలిగేది 9,00,71,99,25,47,40,991 వరకే, అంటే 16 అంకెలు. దాటితే చివరి అంకెలు నిశ్శబ్దంగా మారిపోతాయి. ఎర్రర్ ఏమీ రాదు, లింక్ నొక్కితే మాత్రం పోస్ట్ దొరకదు. యూట్యూబ్ ఐడీ 11 అక్షరాలు, అందులో పెద్ద బడి, చిన్న బడి (క్యాపిటల్, స్మాల్) అక్షరాలు వేర్వేరు. మైఎస్‌క్యూఎల్ మామూలు కొలేషన్ (అక్షరాలను పోల్చే నియమం) రెండింటినీ ఒకటే అనుకుంటుంది. నీ ఛానెల్‌లో అలా రెండు ఐడీలు ఢీకొనే అవకాశం దాదాపు లేదు. కానీ ఆ ఒక్క కాలమ్‌కు బైనరీ కొలేషన్ పెట్టడానికి నిమిషం కూడా పట్టదు, పెట్టేయ్. మూలం, ఐడీ రెండూ కలిపి యూనిక్ కీ (ఒకే జత రెండోసారి పడకుండా ఆపేది). అంతా నిలబడేది దాని మీదే. అది ఉంటే ఇన్సర్ట్, ఆన్ డూప్లికేట్ కీ అప్‌డేట్ అని ఒకే వాక్యంతో కొత్తది చేర్చడం, పాతది సరిదిద్దడం రెండూ అవుతాయి. ఆటో ఇంక్రిమెంట్ నంబర్లు (వరుసకు డేటాబేస్ తనే ఇచ్చేవి) మధ్యమధ్యలో ఎగిరిపోతుంటాయి, డేటా పోయిందని కంగారు పడకు. ఆ వాక్యం నడిచే తీరే అంత.

అప్‌డేట్ ఎందుకు, పాతవన్నీ తుడిచి మళ్లీ కొత్తగా వేస్తే సులువు కదా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. చాలా ఏళ్ల కింద పాలమూరులో ఒకరికి ఇలాంటి సైటే చేశాను. స్క్రిప్ట్‌లో ముందు టేబుల్ మొత్తం డిలీట్, తర్వాత ఏపీఐని అడగడం, తర్వాత ఇన్సర్ట్. ఆరు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. కురుమూర్తి జాతరలో ఉద్దాల ఉత్సవం రోజు డిలీట్ అయింది, ఏపీఐ జవాబు బదులు ఎర్రర్ పంపింది, ఇన్సర్ట్ చేయడానికి ఏమీ లేదు. ఫోన్ వచ్చింది: "ఏందన్నా, జాతరంతా ఫేస్‌బుక్కులనే ఉంది, మన సైట్ల ఒక్క ముక్క లేదు." అప్పటి నుంచి నా వరుస మారింది. ముందు తెచ్చుకో. వచ్చింది సరైన జేసనేనా (ఏపీఐ జవాబు వచ్చే రూపం), అందులో పోస్టులున్నాయా చూసుకో. ఆ తర్వాతే డేటాబేస్‌ను ముట్టుకో, అదీ ట్రాన్సాక్షన్ లోపల, అంటే అన్నీ పడాలి లేదా ఏదీ పడకూడదు. ఖాళీ జవాబు వస్తే పోస్టులు లేవని అర్థం కాదు, అడగడం కుదరలేదని అర్థం.

ఇప్పుడు నీ ప్రశ్న గుర్తుల సంగతి. యూటీఎఫ్8 అంటే అన్ని భాషల అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి. మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 అని పేరు పెట్టింది అసలు యూటీఎఫ్8 కాదు, అక్షరానికి మూడు బైట్ల దాకానే పడుతుంది. తెలుగు అక్షరాలు ఒక్కొక్కటి సరిగ్గా మూడు బైట్లు, అందుకే నీకు తెలుగు బాగానే కనిపించింది. ఎమోజీకి నాలుగు కావాలి. చోటు లేక కొన్ని సెట్టింగుల్లో ప్రశ్న గుర్తు పడుతుంది, కొన్నింట్లో ఎమోజీ దగ్గరి నుంచి వాక్యమే తెగిపోతుంది, స్ట్రిక్ట్ మోడ్ (తప్పు డేటాను ఒప్పుకోని సెట్టింగ్) ఉంటే ఇన్సర్టే ఆగిపోతుంది. మందు యూటీఎఫ్8ఎంబీ4. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి కొత్త డేటాబేస్‌లకు అదే వస్తుంది, నీది పాత డేటాబేస్ అయి ఉంటుంది. టేబుల్ మార్చి ఊరుకోకు, పీహెచ్‌పీ కనెక్షన్ క్యారెక్టర్ సెట్ కూడా అదే పెట్టు. సగం మంది ఇక్కడే ఆగిపోయి మార్చినా పోలేదు అంటారు. ఇప్పటికే ప్రశ్న గుర్తులైనవి ఇక వెనక్కి రావు, వాటిని మళ్లీ తెచ్చుకోవాల్సిందే. నకలే కాబట్టి బాధ లేదు.

ఇదే దారిలో ఇంకొక తెలుగు తలనొప్పి. మొదటి పేజీలో పోస్ట్ మొత్తం కాక రెండు లైన్లు చూపిస్తావు కదా, దాన్ని ఎక్కడ కోస్తున్నావు? "నల్లగొండ" తీసుకో. కంటికి నాలుగు అక్షరాల మాట. లోపల మాత్రం న, ల, పొల్లు, ల, గ, ఒత్వం, సున్నా, డ కలిసి ఎనిమిది కోడ్లు, 24 బైట్లు. పీహెచ్‌పీలో మామూలు సబ్‌స్ట్రింగ్‌తో (మాటలో ముక్క కోసే ఫంక్షన్) పది బైట్ల దగ్గర కోస్తే "నల్" వచ్చి పక్కన ఒక చెత్త డబ్బా పడుతుంది. ఎంబీ సబ్‌స్ట్రింగ్ వాడి మూడు కోడ్ల దగ్గర కోసినా "నల్"తోనే ఆగుతుంది. డబ్బా ఉండదు, కానీ చదివేవాడికి అది మాట కాదు. కాబట్టి అక్షరం లెక్కన కాకుండా ఖాళీ దగ్గర కోయి. 160 కోడ్ల దాకా తీసుకుని, వెనక్కి నడిచి చివరి ఖాళీ దగ్గర ఆపు. డేటాబేస్‌లో మాత్రం పోస్ట్ పూర్తిగా ఉండాలి, కోత చూపించేటప్పుడే. వార్‌చార్ 255 (255 అక్షరాలే పట్టే కాలమ్) పెట్టి పోస్టులు తెగిపోతున్నాయని రాసేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను. టెక్స్ట్ అనే టైప్ ఉన్నది అందుకే.

సమయం. ఏపీఐలు ఇచ్చేది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం), మనం దానికంటే ఐదున్నర గంటలు ముందు. సద్దుల బతుకమ్మ రాత్రి 12:40కి ఫొటోలు పెడితే యూటీసీలో అది ముందు రోజు సాయంత్రం 7:10. తేదీ అలాగే చూపిస్తే పోస్ట్ ఒక రోజు ముందే పెట్టినట్టు ఉంటుంది. డేట్‌టైమ్ కాలమ్‌లో యూటీసీయే దాచు, చూపించేటప్పుడు మన టైమ్‌కు మార్చు. దాచేటప్పుడే ఐదున్నర కలిపితే ఏమవుతుందంటే, కొన్నాళ్లకు చూపించే దగ్గర కూడా ఇంకెవరో ఐదున్నర కలుపుతారు.

ఫొటోలు మాయం కావడం నీ తప్పు కాదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఇచ్చే ఫొటో చిరునామాలు కొన్నాళ్లకు గడువు తీరేవి. ఆ పొడుగాటి లింక్‌లో సంతకం, గడువు రెండూ ఇమిడి ఉంటాయి. డేటాబేస్‌లో లింక్ దాచుకున్నావంటే గడువు తీరిన సినిమా టికెట్ దాచుకున్నట్టే. ఫొటోలు మీవే కాబట్టి క్రాన్‌లోనే డౌన్‌లోడ్ చేసి, చిన్నది చేసి, సర్వర్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టుకో. టేబుల్‌లో ఫైల్ పేరు మాత్రమే. ఫొటోను డేటాబేస్ లోపలే బ్లాబ్‌గా పెట్టొద్దు, బ్యాకప్ తీసే రోజు ఏడుస్తావు. యూట్యూబ్‌కు ఈ తిప్పలు లేవు, వీడియో ఐడీ ఉంటే థంబ్‌నెయిల్ చిరునామా దాని నుంచే కట్టుకోవచ్చు. వేరేవాళ్ల పేజీల ఫొటోలు మాత్రం ఇలా దించుకోకు, అవి మీవి కావు. వాళ్ల పోస్ట్ మన పేజీలో కనిపించేలా వాళ్లిచ్చే ఎంబెడ్ కోడ్ పెట్టు.

మొంగోడీబీ మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. రోజుకు మూడు చోట్లా కలిపి 12 పోస్టులు అనుకుందాం. ఏడాదికి 4,380 వరుసలు, ఐదేళ్లకు 22,000 కూడా దాటవు. ఇది మైఎస్‌క్యూఎల్‌కు పల్లీ గింజంత. బరువంతా ఫొటోలదే: ఒక్కోటి 150 కేబీ అయినా ఏడాదికి దాదాపు 650 ఎంబీ. డేటాబేస్ మార్చడం గురించి కాక హోస్టింగ్‌లో డిస్క్ ఎంతుందో చూసుకో. వాళ్ల జేసన్ రోజుకోలా మారుతుందని భయమైతే, వచ్చిన జేసన్‌ను ఉన్నదున్నట్టు ఒక పక్క టేబుల్‌లో వేసిపెట్టు. మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి జేసన్ టైప్ ఉంది. రేపు రీల్ పొడవో, ఆల్బమ్‌లోని మిగతా ఫొటోలో కావాలనుకుంటే మళ్లీ ఏపీఐని అడగకుండా అందులోంచి తీసుకోవచ్చు. నెల దాటినవి తుడిచేయ్.

ఆ నెల అన్నది ఊరికే అనలేదు. యూట్యూబ్ నిబంధనల ప్రకారం ఏపీఐ నుంచి తెచ్చిన మామూలు డేటాను 30 రోజులకు మించి అలాగే ఉంచుకోకూడదు, మళ్లీ తెచ్చి తాజా చేయాలి లేదా తీసేయాలి. కాబట్టి ప్రతి వరుసలో చివరగా తాజా చేసిన సమయం అని ఒక కాలమ్ ఉండాలి. రాత్రి రెండింటికి ఇంకో క్రాన్ పెట్టి, 25 రోజులు దాటినవాటిని ఐడీలతో 50 చొప్పున అడిగి తాజా చేసుకో.

ఫేస్‌బుక్ పోస్టులకు ఈ తాజా చేయడం ఇంకా ముఖ్యం, కారణం నిబంధన కాదు. ఒక సైట్‌లో జరిగింది చెప్తాను. ప్రమాదం వార్తలో ఊరి పేరు తప్పు పడింది. పది నిమిషాల్లో ఫేస్‌బుక్‌లో సరిదిద్దారు, సైట్‌లో రెండు రోజులు తప్పే ఉంది. ఎందుకంటే ఆ స్క్రిప్ట్ కొత్త పోస్టుల కోసమే చూసేది, ఐడీ ఉంటే దాటిపోయేది. ఆ ఊరివాళ్లు ఫోన్ చేసి అన్న మాటలు ఇక్కడ రాయలేను. ప్రతిసారీ చివరి 50 పోస్టులు తెచ్చి అన్నింటినీ అప్‌డేట్ చేయి. ఇక డిలీట్ చేసిన పోస్ట్: ఆ 50లో ఉండాల్సింది లేకపోతే వెంటనే తుడవకు, జాతర కథ గుర్తుంది కదా. ఐడీతో విడిగా అడుగు. రెండుసార్లు అడిగినా లేదంటే, మూలంలో లేదు అని గుర్తు పెట్టి పేజీ నుంచి తీసేయ్. మనిషి తీసేసుకున్న మాటను మనం పట్టుకుని కూర్చోకూడదు.

కామెంట్లు తేవాలా అని నువ్వు అడగలేదు గానీ రేపు అడుగుతావు. వద్దు. కామెంట్ పెట్టినవాళ్ల పేర్లు, ఫొటోలు నీ డేటాబేస్‌లో పెట్టుకోవడం అంటే వాళ్ల వ్యక్తిగత వివరాల బాధ్యత నెత్తిన పెట్టుకోవడం. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. ఎన్ని కామెంట్లు అన్న అంకె చాలు.

టోకెన్ల (ఏపీఐ మనల్ని గుర్తుపట్టే తాళం చెవుల) దగ్గర అందరూ పడతారు. ఇన్‌స్టాగ్రామ్ లాంగ్ లివ్డ్ టోకెన్ 60 రోజులు ఉంటుంది. గడువు తీరకముందే తాజా చేయాలి, తీరిపోయాక తాజా కాదు, మళ్లీ లాగిన్ నుంచే. నెలకోసారి క్రాన్‌తో చేయించు. పాత ట్యుటోరియల్స్‌లో కనిపించే ఇన్‌స్టాగ్రామ్ బేసిక్ డిస్‌ప్లే ఏపీఐ 2024 డిసెంబర్ 4న మూతపడింది, దాని మీద టైమ్ పెట్టకు. మీ అకౌంట్ బిజినెస్ లేదా క్రియేటర్‌గా మార్చుకోవాలి. ఫేస్‌బుక్ పేజీ టోకెన్‌ను సరిగ్గా తీసుకుంటే గడువు ఉండదు, కానీ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాడో అంతే. అందుకే ఒక చిన్న టేబుల్: మూలం, చివరగా ఎప్పుడు సరిగ్గా వచ్చింది, చివరి ఎర్రర్ ఏమిటి. రెండు గంటలు దాటితే నీకే ఒక మెయిల్ పోవాలి. లేకపోతే ఫీడ్ ఆగిందన్న సంగతి నీకంటే ముందు క్లాక్ టవర్ దగ్గర టీ తాగేవాళ్లకు తెలుస్తుంది. టోకెన్‌ను కోడ్ ఫైల్‌లో రాసి గిట్‌హబ్‌లోకి (కోడ్ దాచే సైట్) ఎక్కించకు.

ఎక్స్ గురించి ఒక్క ముక్క: 2023లో పాత ఉచిత ఏపీఐ తీసేశారు, పోస్టులు చదవాలంటే డబ్బు కట్టాలి. నీలాంటి సైట్‌కు అది గిట్టుబాటు కాదు. కావాల్సిన పోస్ట్‌ను చేత్తో ఎంబెడ్ చేసుకో.

ఇంకో జాగ్రత్త, మన పేజీయే కదా అని వచ్చిన రాతలను నేరుగా పేజీ మీద వేయకు. డేటాబేస్‌లోకి ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌తో (డేటా ఆదేశంగా మారకుండా పంపే పద్ధతి) వెళ్లాలి, బయటికి వచ్చేటప్పుడు హెచ్‌టీఎంఎల్ ఎస్కేప్ అవ్వాలి, అంటే రాతలో కోడ్ ఉన్నా అది నడవకూడదు. పేజీ ఎవడైనా హ్యాక్ చేస్తే నీ సైట్ కూడా దాంతో పోకూడదు.

చివర్లో అడిగావు, "మరిన్ని" బటన్ నొక్కితే కొన్నిసార్లు అవే పోస్టులు మళ్లీ వస్తున్నాయని. నువ్వు ఆఫ్‌సెట్ (మొదటి ఇన్ని వదిలి తర్వాతివి ఇవ్వు అనడం) వాడుతున్నావు. ఒకాయన మొదటి 20 చదివేలోపు క్రాన్ మూడు కొత్తవి తెస్తే వరుస మూడు కిందికి జరుగుతుంది, రెండో పేజీలో పాత మూడూ మళ్లీ కనిపిస్తాయి. పేజీ నంబర్ బదులు చివరగా చూపించిన పోస్ట్ సమయం, ఐడీ పంపి, దానికంటే పాతవి 20 ఇవ్వు అని అడుగు. చూపించాలా వద్దా, సమయం, ఐడీ ఈ మూడింటి మీద కలిపి ఒక ఇండెక్స్ (త్వరగా వెతకడానికి డేటాబేస్ ఉంచుకునే సూచిక) వేయి. చూపించాలా వద్దా అన్నది నీవి పెట్టిన వేరే టేబుల్‌లో ఉంది కాబట్టి ఇండెక్స్ రెండు టేబుళ్ల మీద కుదరదు. ఆ ఒక్క కాలమ్‌ను మాత్రం పోస్టుల టేబుల్‌లోనే ఉంచి, స్క్రిప్ట్ అప్‌డేట్ వాక్యంలో దాని పేరు రాకుండా చూసుకో. యూటీఎఫ్8ఎంబీ4 మార్చేముందు బ్యాకప్ తీసుకుని, ఎర్రర్ ఏదైనా వస్తే ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టు, చూస్తాను.